గుర్తులు చూసి కట్టిన లెక్క

సైదాబాద్,
20 నవంబరు 1982

మరిది రామ్‌చందర్‌కు వదిన శారద దీవెనలు.

నీ కార్డు అందింది. అది ఉత్తరమో తంతి వార్తో నాకు అర్థం కాలేదు. చేరాను, బాగున్నాను అని రెండు ముక్కలు. మీ అన్న బీరయ్యకు చదివి వినిపిస్తే, చదవడం రాని మనిషి కార్డు తిరగేసి చూశాడు, వెనక ఇంకేమైనా ఉందేమోనని.

జూపార్కులో దుప్పుల కొట్టంలో రోజుకూలికి పనిచేసేవాడివి. ఎవరో సారు నీ పనితనం చూసి, ఆరు నెలలు లడాఖ్‌లో జంతువులు లెక్కపెట్టాలి రమ్మన్నాడు. వెనకా ముందూ చూడకుండా బట్టలు సర్దుకున్నావు. అక్కడ కొత్తగా పార్కు చేశారనీ, అది ఎడారి అనీ, ఆ ఎడారిలో మంచు పడుతుందనీ చెప్పి పోయావు. ఎడారి అంటే ఇసుక, ఎండ అని నేను ఏడో తరగతిలో చదువుకున్నాను. ఎడారిలో మంచు ఏమిటో నువ్వే రాయాలి.

సదర్ పండుగకు మా బాపు దున్నపోతును దబీర్‌పురా నుంచి ఊరేగించాడు. నూనె పెట్టి మెరిపించి, మెడలో పూసలు వేసి, ముందు డప్పులు. అందరూ నీ గురించే అడిగారు. మా చెల్లెలు కళావతిని నీకు ఇస్తామని మాట అనుకున్న సంగతి గల్లీ మొత్తానికీ తెలుసు. నువ్వు మార్చిలో వస్తావు, పూలుపండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకుంటాము, వైశాఖంలో పెళ్ళి. ఆ లోపల మా బాపు శివయ్య పట్టింపు ఒకటి ఉండనే ఉంది. కాబోయే అల్లుడు ఆయన కొట్టంలో కాలు కట్టని బర్రె కింద కూర్చుని, లేవకుండా బకిట నింపాలి. మీ అన్న కూడా అలాగే నింపాడు. నీకు అదొక లెక్కా? ఎనిమిదేళ్ళ నుంచి పిండుతున్న చేతులు.

పెద్ద ఉత్తరం రాయి. నీ ఉత్తరం వచ్చిందంటే కళావతి దబీర్‌పురా నుంచి వచ్చి వింటుంది. వినడం లేదన్నట్టు గడప దగ్గర కూర్చుని వింటుంది.

మీ వదిన
శారద


రుంబక్, లడాఖ్,
10 డిసెంబరు 1982

వదినకు, అన్నకు నమస్కారాలు.

ఇది తంతి కాదు, వదినా. తీరిగ్గా చదువు.

ఇక్కడ వాన పడదు, అందుకని ఎడారి. అంత ఎత్తు, అందుకని మంచు. మొదటి వారం పది అడుగులు వేస్తే రొప్పు వచ్చేది. ఇప్పుడు సారు వెనక రోజంతా ఎక్కుతున్నాను, గుడారం నేనే కడుతున్నాను, మూటలు నేనే మోస్తున్నాను.

కొండలు చెబితే నమ్మవు. ఒకటి వంగపండు రంగు, దాని పక్కది ఆకుపచ్చ, ఆ పక్కది ఇటుక రంగు. చెట్టు వల్ల వచ్చిన పచ్చ కాదు, రాయే పచ్చ. మన సైదాబాద్ గుండ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి కదా, ఇక్కడి రాళ్ళు పలకలు పలకలుగా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక రాతి మీద గవ్వ అచ్చు కనిపించింది. ఇదంతా ఒకప్పుడు సముద్రం అన్నాడు సారు. నమ్మక, ఎవరూ చూడనప్పుడు నాకి చూశాను. ఉప్పు లేదు.

చెట్లు వాగు పక్కనే. ముళ్ళ పొద ఒకటి ఉంది, నారింజ రంగు చిన్న పండ్లు, ఇంత చలికీ రాలవు. నోట్లో వేసుకుంటే చింతకాయ నయం. కొండ మీద జానెడు మొక్క, వాసన అచ్చం మన మాచిపత్రి. దాన్ని వేళ్ళతో సహా పీకి పొయ్యిలో పెడతారు, ఇంకో కట్టె దొరకదు మరి.

మేము లెక్కపెట్టేది నీలి గొర్రెల్ని. నీలం ఎక్కడా లేదు, బూడిద రంగు. కదలకుండా నిలబడితే బండలో కలిసిపోతాయి. ముందు కాళ్ళ మీద నల్ల చార చూసి పట్టుకోవాలి. నిన్న నేను ముప్పై నాలుగు లెక్కపెట్టాను, సారు ముప్పై ఒకటి. మళ్ళీ చూస్తే నాదే సరైంది.

వాటిని తినే మంచుపులి కూడా ఉంది. ఈ ఊళ్ళో ముసలివాళ్ళు కూడా దాన్ని ఒకటి రెండుసార్లు మించి చూడలేదు. వంగిన బండ కింద మూత్రం వాసన, వెనక కాళ్ళతో గీకిన మట్టి, పెంటలో గొర్రె వెంట్రుకలు, ఇవి చూసి ఎన్ని పులులో సారు లెక్క కడతాడు. మనిషిని చూడకుండా మనిషి లెక్క చెప్పినట్టే.

మేముండేది పద్మ ఇంట్లో. ఆమెకు జొమో అని ఆవులాంటిది ఒకటి ఉంది. పొద్దున నేనే పిండాను. ఈ చలిలో గ్లాసెడు పాలు వచ్చాయి. కొత్త చేతికి అది కూడా ఇవ్వదని పద్మ చాలా నవ్వింది.

కళావతి విననట్టు వింటున్నది కాబట్టి నేను రాయనట్టు రాస్తున్నాను: మార్చి ఎప్పుడు వస్తుందా అని ఉంది.

రామ్‌చందర్


సైదాబాద్,
5 జనవరి 1983

రామ్‌చందర్,

ఉత్తరం బాగుంది. రాళ్ళు బాగున్నాయి. గొర్రెలు బాగున్నాయి. పద్మ ఎవరు?

లడాఖ్ కొండల్లో పద్మ అన్న పేరుతో ఆడమనిషి ఎక్కడి నుంచి వచ్చిందో మా ఎవరికీ తెలియడం లేదు. ఆమె వయసు రాయలేదు, పెనిమిటి సంగతి రాయలేదు. ఆమె నవ్విందని మాత్రం రాశావు. ఆ మాట దగ్గర కళావతి లేచి దుడ్డెలకు గడ్డి వేయడానికి పోయింది. అప్పటికే వేసి ఉంది.

మీ అన్న నన్నే కసిరాడు. "పోరడు పనికి పోయిండు. నువ్వేంది గిట్ల శక్ పడుతవ్?" అన్నాడు. నేను శంకించడం లేదు, అడుగుతున్నాను. దూరపు కొండలు నునుపు అంటారు కదా, నునుపు చూసి జారేవాళ్ళు కూడా ఉంటారు.

జవాబు వెంటనే రాయి.

శారద


లేహ్,
22 ఫిబ్రవరి 1983

వదినకు,

ఆలస్యమైంది. మంచుకు విమానాలు ఆగాయి. పెన్నులో సిరా గడ్డకడుతున్నది, అందుకే పెన్సిల్‌తో రాస్తున్నాను. రాత బాగాలేదు, ఏమనుకోకు.

పద్మకు డెబ్బై ఏళ్ళు. పళ్ళు లేవు. పద్మ అనే పేరు ఇక్కడ మగవాళ్ళకు కూడా ఉంటుంది.

ఇప్పుడు లేహ్‌లో ఉన్నాము. కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. పొద్దున బూడిద రంగు, మధ్యాహ్నం పసుపు, సాయంత్రం వంగపండు. దాని మీద పెద్ద గద్దలాంటి పక్షి తిరుగుతుంది. ఎముకను పైకి తీసుకుపోయి రాతి మీద వదిలి, పగిలాక తింటుంది. రోజూ చూస్తున్నాను.

ఒక మాట. పెళ్ళయ్యాక నేను పాల పనిలో ఉండను. వేరే ఏదైనా చూసుకుంటాను. మామకు ఈ సంగతి నువ్వే మెల్లగా చెప్పు.

రామ్‌చందర్


సైదాబాద్,
18 మార్చి 1983

రామ్‌చందర్,

మెల్లగానే చెప్పాను. మా బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. "బర్రెలను ఇడిచినోడు ఇంటిని ఇడిచినట్టే," అన్నాడు. మా ఇళ్ళల్లో ఆ మాటకు ఇంకో అర్థం లేదని నీకు తెలుసు. మా చిన్నాన్న పాలు పిండటం మానేసిన ఏడాదే ఇంకో కాపురం పెట్టాడు. చెప్పులబజారు వైకుంఠం అలాగే చేశాడు. పొదుగు కింద కూర్చోవడానికి మనసు రాని మగవాడికి ఎక్కడో ఇంకో గడప దొరికిందని మా అమ్మ అంటుండేది.

పులిని చూడకుండా గుర్తులు చూసి లెక్క కడతారని నువ్వే రాశావు. నేనూ అదే చేస్తున్నాను. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లో ఎక్కాను, మోశాను, కట్టాను, పిండాను అని ఉంది. రెండోదాంట్లో చూస్తున్నాను, చూస్తున్నాను, అంతే. కొండలెక్కే మనిషివి కిటికీ దగ్గర కూర్చుని ఎవరి ఇంట్లో ఏం చేస్తున్నావు? సిరా గడ్డకట్టిందన్నావు సరే, అక్షరాలు ఎడమకు ఎందుకు వాలాయి? ఇది నీ రాత కాదు. ఎవరో రాస్తున్నారు, నువ్వు చెబుతున్నావు. లేహ్‌లో తెలుగు రాయడం వచ్చిన ఆ మనిషి ఎవరు? డెబ్బై ఏళ్ళది సరే, పళ్ళు కూడా లేవని నేను అడగకుండానే చెప్పావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

కళావతి పేరు ఆ ఉత్తరంలో ఒక్కసారి కూడా లేదు. తను ఉత్తరం మడిచి నా చేతికి ఇచ్చేటప్పుడు, "గిది ఆయన రాసింది కాదక్కా," అంది. అంటే నాకొక్కదానికే అనిపించలేదు.

మార్చి సగం అయిపోయింది. ఎప్పుడు వస్తున్నావో తారీఖు రాయి.

శారద


రుంబక్,
8 ఏప్రిల్ 1983

వదినా,

నా ఉత్తరాలు నేనే రాస్తున్నాను. ఇంకెవరూ లేరు.

మంచుపులిని చూశాను. పద్మ ఇంటి కప్పు మీద కూర్చుంటే, సారు దుర్భిణి నా కళ్ళకు పెట్టి ఎదురుగా ఉన్న కొండను చూడమన్నాడు. చాలాసేపు బండలే కనిపించాయి. తర్వాత ఒక బండ తోక కదిపింది. ఒంటి పొడవు ఎంతో తోక కూడా అంత. అది మమ్మల్ని అప్పటికే చాలాసేపటి నుంచి చూస్తున్నది. సారు ఏడ్చినంత పని చేశాడు. నాకు అంత సంతోషం కలగలేదు, ఎందుకో రాయలేను.

వాగు పక్కన మొగ్గలు వస్తున్నాయి. ఉడుతకు అన్నలాంటి జంతువులు, లావుగా పిల్లి అంత ఉంటాయి, చలికాలమంతా బొరియలో నిద్రపోయి ఇప్పుడే బయటికి వచ్చి నిలబడుతున్నాయి. నీలి గొర్రెలు ఇంకో నెలన్నరలో ఈనుతాయి. వాటి లెక్క అయ్యేదాకా ఉండమన్నాడు సారు.

వైశాఖంలో కుదరదు. ఆ తర్వాత సంగతి కూడా చెప్పలేను. మామ ఇంకో సంబంధం చూసుకుంటే నాకు కోపం లేదు. కళావతి మంచి పిల్ల. అన్నను ఫికర్ పడొద్దని చెప్పు.

రామ్‌చందర్


సైదాబాద్,
27 ఏప్రిల్ 1983

రామ్‌చందర్,

నీకు కోపం లేదట. ఎంత పెద్ద మనసు! మాకు ఉంది.

నీ ఉత్తరం తీసుకుని నేనే దబీర్‌పురా పోయాను. బాపుకు చదివి వినిపించాను. నువ్వు అక్కడ కాపురం పెట్టావని నాకు అనిపించిన సంగతి కళావతి ముందే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. తను నమ్మనంది. నేను ఒక్కొక్క గుర్తూ చెప్పుకుంటూ వచ్చాను, పాల పని వద్దనడం, చేతిరాత, కిటికీ, పద్మ, తారీఖు లేకపోవడం. అన్నీ విని చివరికి తల వంచుకుంది. అది చూసి నాకు కడుపు మండింది, నీ మీద.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పర్మనెంట్ నౌకరీ ఉన్న భిక్షపతి అనే అబ్బాయి తరఫు వాళ్ళు కిందటేడు అడిగి పోయారు. బాపు వాళ్ళకు కబురు పంపాడు. మే ఎనిమిది, ఆదివారం పూలుపండ్లు. పెళ్ళి జ్యేష్ఠంలో.

మీ అన్న రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. నీ పేరు ఎత్తితే లేచి బర్రెల దగ్గరికి పోతున్నాడు. చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషికి ఇదా నువ్వు చూపించేది? నువ్వు రాయి అయిపోయావు, అందుకే ఉత్తరం నిండా రాళ్ళు.

ఇక నుంచి నేను రాయను.

శారద


లేహ్,
12 మే 1983

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆదివారం దాటిపోయింది. ఇప్పుడు ఏం చెప్పినా జరిగేది లేదని తెలుసు. సంబంధం పోయినా ఓర్చుకుంటాను. నేను ఇంకో ఆడదాన్ని చేసుకున్నానని కళావతి నమ్మి తల వంచుకుంది అన్నావు చూడు, అది ఓర్చుకోలేను. అందుకే రాస్తున్నాను.

జనవరి పద్దెనిమిదిన, మధ్యాహ్నం, పై లోయలో గొర్రెల్ని లెక్కపెడుతున్నాము. సారు వెనకబడ్డాడు. రెండు రాతి పలకల మధ్య సందులో ఒక ఆడ గొర్రె కాలు ఇరుక్కుని ఉంది. చూలు కట్టే కాలం. నన్ను చూసి గుంజుకుంటున్నది, ఇంకాసేపు గుంజుకుంటే కాలు విరిగేది. కూర్చుని, చేతికున్న ఉన్ని తొడుగు తీసేశాను.

ఎందుకు తీశావని ఇక్కడి డాక్టరు అడిగాడు, సారు అడిగాడు, పద్మ కూడా చేతులతో సైగ చేసి అడిగింది. వాళ్ళకు ఎలా చెప్పాలి? మన ఇంట్లో గుడ్డ చుట్టిన చేతితో పశువును ముట్టుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఒట్టి చెయ్యి తగిలితేనే పశువు నమ్ముతుందని అన్న చెప్పాడు, నా ఐదో ఏట. నాకు ఆలోచన కూడా రాలేదు. చెయ్యి దానంతట అదే తొడుగు విడిచింది. సందులో మంచు గడ్డకట్టి ఉంది. వేళ్ళతో తవ్వి, కాలు అటూ ఇటూ తిప్పి బయటికి తీయడానికి గంట పట్టి ఉంటుంది. మొదట నొప్పి పుట్టింది, తర్వాత పోయింది. నొప్పి పోయినందుకు సంతోషపడ్డాను, తెలివి తక్కువవాణ్ణి. గొర్రె వెనక్కి చూడకుండా పోయింది. తొడుగు లోయలో పడింది. ఇంటికి మూడు గంటల నడక.

కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు మొదలంటా తీసేశారు. ఉంగరపు వేలు సగం ఉంది. ఆసుపత్రి కిటికీ లోంచే ఆ కొండను చూసింది. ఉత్తరాలు ఎడమచేత్తో రాశాను. లేహ్‌లో తెలుగు రాసే ఆడమనిషి ఎవరూ లేరు, వదినా. తంతి ఇస్తానని సారు అన్నాడు, నేనే వద్దన్నాను.

మామ ముందు ఏ చెయ్యి పెట్టుకుని బర్రె కింద కూర్చోవాలి? చుట్టూ అందరూ చూస్తుండగా కళావతి నా ఖాళీ బకిట చూడాలా? ఆ పిల్ల జాలిపడి ఒప్పుకుంటుంది, అది నాకు వద్దనిపించింది. నేనే తప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. నువ్వు ఇంత లెక్క కడతావని తెలియదు.

గుర్తులన్నీ సరిగ్గానే చూశావు. జంతువే వేరు.

కళావతికి ఈ ఒక్క సంగతి చెప్పు, పెళ్ళయ్యాకైనా సరే.

రామ్‌చందర్


సైదాబాద్,
4 జూన్ 1983

నాయనా రామ్‌చందర్,

ఒక్కటి కూడా దాచకుండా చెబుతాను. నీ ఉత్తరం మే ఇరవై ఆరున వచ్చింది. చదివి, రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను. పూలుపండ్లు అయిపోయాయి, కార్డులు అచ్చుకు ఇచ్చారు. చూపిస్తే లొల్లి అవుతుంది, మా బాపు పరువు పోతుంది, పదిమందిలో నా నోరు పోతుంది. పెళ్ళయ్యాక చెప్పమని నువ్వే రాశావు కదా అని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. నాలుగు నెలలు నిన్ను ఏం దాస్తున్నావని నిలదీసినదాన్ని, నేను ఉత్తరం దాచుకుని తిరిగాను. మూడో రోజు మీ అన్న బియ్యం కోసం డబ్బా తీశాడు. చదవడం రాదు కానీ నీ అక్షరం ఎడమకు వాలడం ఆయన కూడా చూసి ఉన్నాడు. "చదువు," అన్నాడు. చదివాను. తొడుగు తీసిన చోటికి వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "నేనే చెప్పిన ఆ మాట," అన్నాడు. అంతకుముందు ఆయన ఏడవగా నేను చూడలేదు.

ఆ పూటే ఇద్దరం దబీర్‌పురా పోయాము. కళావతికి ఉత్తరం ఇచ్చి, తప్పు నాది అన్నాను. తను నిలబడే చదివింది. తర్వాత పాత గుడ్డ పీలిక ఒకటి ఇవ్వమంది. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు మడిచి, ఆ పీలికతో అరచేతికి గట్టిగా కట్టించుకుంది, నాతోనే. పోయి బర్రె కింద కూర్చుంది.

మొదట బర్రె చేపలేదు, పొదుగులోకి పాలు దిగలేదు. తర్వాత బకిట తన్నేసింది. బాపు "ఏందే నీ లొల్లి, లే," అని అరిచాడు. లేవలేదు. మూడోసారి పాలు వచ్చాయి. ధార వంకరగా పడింది, సగం నేల మీద, సగం తన ఒడిలో. బకిట అడుగు తడవడానికి అరగంట పట్టింది.

బాపు ఇంకా ఒప్పుకోలేదు. ఆయనది మొండితనం, నాకూ వచ్చింది కదా. భిక్షపతి వాళ్ళ ఇంటికి నేనే పోయి జరిగింది చెప్పాను. వాళ్ళ అమ్మ నన్ను అనరాని మాటలు అంది, పడ్డాను. ఆ అబ్బాయి మాత్రం పూలుపండ్ల చీర తిరిగి తీసుకున్నాడు, నెమ్మదస్తుడు. నీ పెళ్ళి అవుతుందో లేదో ఈ రోజు నాకు తెలియదు. అవుతుందని మాట ఇచ్చే ధైర్యం నాకిప్పుడు లేదు.

కళావతికి నీ మీద కోపం ఉంది. వేళ్ళు పోయినందుకు కాదు. "జాలి పడుతనని ఆయనకెవరు చెప్పిండ్రు? నన్ను అడిగిండా?" అంది. జవాబు నువ్వే వచ్చి చెప్పుకో.

నేను చూసిన సంగతి చెబుతాను. ఆ పీలిక తను ఇంకా విప్పలేదు. వారం రోజుల నుంచి రెండు పూటలా అలాగే కూర్చుంటున్నది. నిన్న సాయంత్రం పాలు బకిటలో సగం పైకి వచ్చాయి. బొటనవేలు ఎక్కడ నొక్కాలో ఇప్పుడు తెలిసిందట, నువ్వు వస్తే నీకు నేర్పిస్తుందట.

వదిన
శారద